గంగాప్రసాద్ ఎందుకు నవ్వాడు?

"చంపి రా! ఊరికే తిరిగొచ్చి ఈ గడప తొక్కావంటే నాకు పెద్దకొడుకు లేడనుకుంటా!"

అంకాలమ్మ విసిరిన కత్తిపీట తలుపు రెక్కకి తగిలి మంగరాజు కాళ్ళ ముందు పడింది. కాస్త ఇటైతే పాదం తెగేది. మంగరాజు వెనక్కి జరగలేదు. తల వంచుకుని ఆ కత్తిపీట వైపే చూస్తూ నిలబడ్డాడు.

వంటింటి గుమ్మంలో సత్యశ్రీ మరిదికి పట్టడానికి గంజి వడకడుతోంది. ఈ ఇంటికి కోడలై వచ్చిన దగ్గర్నుంచీ అత్తగారి కోపం ఆమెకి కొత్త కాదు. చేపలమ్మే మనిషి గొంతు మరి, బేరం దగ్గర ఎంత లేస్తుందో ఇంట్లోనూ అంతే లేస్తుంది. అరిచేసి, అరగంట గడిస్తే తానే పిలిచి అన్నం పెడుతుంది. ఇవాళ్టి కోపం అలాంటిది కాదు. దాన్ని చూసి సత్యశ్రీకి భయం వేసింది. మొగుడు పెదవి విప్పకుండా నిలబడటం చూసి ఇంకా భయం వేసింది.

"ఏరా, నోట్లో బెల్లం ముక్కేమైనా పెట్టుకున్నావా? తోడబుట్టినోణ్ణి గొడ్డుని బాదినట్టు బాదితే, వారం తిరక్కుండానే చల్లారిపోయావా?"

"మామ వెళ్ళాడుగా అమ్మా."

"వెళ్ళాడు. నా తమ్ముడు తిరుమల నాగాయలంక నుంచి ట్రక్కు కట్టుకుని మనుషుల్తో వచ్చాడు. ఈ సందు చివరిదాకా వెళ్ళడానికి నువ్వు మాత్రం నీళ్ళు నములుతున్నావ్!"

మంచం మీద గంగాప్రసాద్ కళ్ళు మూసుకున్నాడు. మూసుకోడానికి ఒక కన్నే మిగిలింది, రెండోది వాచి ఎప్పుడో మూసుకుపోయింది. విరిగిన దవడ కదలకుండా పెద్దాసుపత్రిలో పళ్ళకి తీగలు చుట్టి పంపారు. నోరు తెరవలేడు, మాట్లాడలేడు. మెడ మడతల్లో, చెవుల వెనక, సినిమావాళ్ళు పూసిన నల్లరంగు ఇంకా పూర్తిగా పోలేదు.

ఆ రంగే కదా కొంప ముంచింది!

నవ్వుకోడానికి తీస్తున్న సినిమా అది. దాని డైరెక్టరు, హర్షవర్ధన్ అనే కుర్రాడు, ఈ గుమ్మంలోనే కూర్చుని కథ చెబితే ఇంటిల్లిపాదీ పొట్ట పట్టుకుని నవ్వారు. కథలో ఒక నల్లటి కుర్రాడు. పెళ్ళిచూపులకి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ రంగు చూసి వద్దంటారు. ఒకరోజు ఎవరో అతన్ని ఆఫ్రికా నుంచి చదువుకోడానికొచ్చినవాడనుకుని ఇంగ్లీషులో పలకరిస్తారు. సరే, ఇదీ చూద్దామని అతను కూడా అలాగే నటిస్తాడు. ఇక చూడండి, ఒకడు సెల్ఫీ అడుగుతాడు, ఒకడు ఇల్లు అద్దెకివ్వనంటాడు, ఇంకొకడు పక్కకి పిలిచి గంజాయి ఉందా అంటాడు. పుట్టినప్పట్నుంచీ ఇంటా బయటా "నల్లోడా" అని పిలిపించుకున్న గంగాప్రసాద్‌కే ఆ వేషం దక్కింది. విడ్డూరం ఏమిటంటే, నీ నలుపు చాలదని హర్షవర్ధన్ పైన ఇంకో పొర పూయించాడు.

మాట, నడక నేర్పింది దానియేలు. టాంజానియా నుంచి వచ్చి ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీలో చదువుతున్నాడు. సందు చివర సువార్తమ్మ మేడ మీద గదిలో ఉంటాడు. డేనియల్ అన్న పేరుని సువార్తమ్మ దానియేలు చేసింది, అందరికీ అదే అలవాటైంది. గంగాప్రసాద్ వెంట వచ్చి ఈ ఇంట్లో చేపల పులుసు తిన్నాడు. అంకాలమ్మ వడ్డించింది కూడా. అతను తిన్న పళ్ళేన్ని మాత్రం లోపలికి తేనివ్వలేదు, కడిగించి ప్రహరీ మీద బోర్లించేది. వేషానికి పనికొస్తుందని తన పసుపుపచ్చ పూల చొక్కా, టోపీ ఇచ్చింది కూడా దానియేలే.

ఆదివారం చేపల మార్కెట్లో షూటింగ్ జరుగుతుండగా గంగాప్రసాద్‌ని చావబాదారు. అంకాలమ్మ ఆ రోజు నాగాయలంకలో ఉంది. పరుగున వచ్చేసరికి ఆసుపత్రి వరండాలో చిన్నకొడుకు, పక్కన ఒంటి నిండా రక్తపు మరకలతో దానియేలు కనిపించారు. ఎవరు కొట్టార్రా అని గుండెలు బాదుకుంటే, మంగరాజు గోడ వైపు చూస్తూ అన్నాడు.

"ఆ నల్లోళ్ళే అమ్మా. వాళ్ళని ఎగతాళి చేస్తున్నాడని మంటెక్కి కొట్టారంట."

అన్నది ఆ ఒక్క మాటే. మర్నాటికల్లా మార్కెట్టంతా అదే మాట. ఐసు దించేవాడూ అదే అన్నాడు, రొయ్యలు వలిచే ఆడాళ్ళూ అదే అన్నారు. వాళ్ళే కొట్టారక్కా, మేం కళ్ళారా చూశామని ఒట్లు పెట్టారు.

"వాళ్ళేనా నాన్నా?" అని మంచం పక్కన కూర్చుని అంకాలమ్మ అడిగితే గంగాప్రసాద్ కన్ను మూసుకున్నాడు. అది ఔననే ఆమె అనుకుంది.

సత్యశ్రీ మాత్రం ఇంకోటి గమనించింది. తను గంజి పడితే మరిది తాగుతున్నాడు. అన్న కొబ్బరినీళ్ళు పట్టుకొస్తే గోడ వైపు తిరుగుతున్నాడు.

ఇవాళ పొద్దున బట్టలుతుకుతుంటే ఆ గోడ వైపు తిరగడానికి అర్థం తెలిసింది.

*

మంగరాజు వెనకవైపు వెళ్ళాడు. ఇంటికీ ఏటికి కట్టిన వరద గోడకీ మధ్య ఉన్న జానెడు జాగాలో చేపల లోడుకి వాడే థర్మకోల్ పెట్టెలు పేర్చి ఉంటాయి. ఐసుగడ్డలు పగలగొట్టే చెక్క సుత్తి అక్కడే పెట్టెల వెనక ఉంది. చెయ్యి పెట్టి దాన్ని బయటికి లాగుతుంటే సత్యశ్రీ వచ్చి దారికి అడ్డం నిలబడింది.

"ఆదివారం పొద్దున ఎక్కడున్నావ్ మావా?"

"ఐసు ఫ్యాక్టరీలో. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"ఆ రోజు వేసుకున్న గళ్ళ చొక్కా పెట్టె అడుగున ఎందుకు కుక్కావ్?"

మంగరాజు చెయ్యి ఆగింది.

"సబ్బుకి పోలేదు. కొబ్బరినూనె రాస్తే పోయింది. మీ తమ్ముడి మెడ మీద రోజూ నేను తుడుస్తున్న రంగే అది. వాసన కూడా అదే. మోచేతుల దాకా ఉంది మావా!"

"ఆసుపత్రిలో వాణ్ణి ఎత్తినప్పుడు అంటుకుని ఉంటది."

"ఆసుపత్రికి నువ్వు తెల్లచొక్కాతో వచ్చావ్."

అంతే, మంగరాజు ఆమె గొంతు పట్టుకుని గోడకి అదిమాడు. ఆమె తల గోడకి ఠపీమని కొట్టుకుంది. పెట్టెలు రెండు జారి కింద పడ్డాయి. సత్యశ్రీ గింజుకుంది, అతని చెయ్యి రక్కింది. కళ్ళు బైర్లు కమ్ముతున్నా మొగుడి మొహం మీద నుంచి చూపు తిప్పలేదు.

"చంపు. ఇంట్లో ఒకణ్ణి కొట్టావ్, ఇంకోదాన్ని చంపు."

మంగరాజు వదిలేశాడు. సత్యశ్రీ దగ్గుతూ కింద కూలబడింది. ముందువైపు నుంచి అంకాలమ్మ తిట్లు వినపడుతున్నాయి.

"వాడనుకున్నానే," అన్నాడు మంగరాజు చివరికి. గొంతు అతనిది కాదన్నట్టుంది. "దానియేలుగాడనుకున్నా. వాడి పచ్చచొక్కా, వాడి టోపీ. నీగ్రోగాడు పిల్లనెత్తుకుపోతున్నాడని ఎవడో అరిచాడు. సుత్తి చేతిలోనే ఉంది. చూద్దును కదా, చంకలో పిల్ల, ఆ చొక్కా. వాడే అనుకున్నా."

"పిల్ల సినిమావాళ్ళ పిల్ల మావా! తప్పిపోయిన పిల్లని తల్లి దగ్గరికి చేరుస్తాడంట, అదీ సీను. ఒక్క మాట అడక్కూడదా?"

"ఎవడడుగుతాడే అప్పుడు? షూటింగ్ అక్కడేనని నాకేం తెలుసు? జనం మీదపడిపోతున్నారు. ఎవడో ఆటో బోర్లా తోశాడు, దాంట్లో దాచిన కెమెరా పచ్చడైపోయింది, ఆ డైరెక్టరుగాడు పారిపోయాడు."

"దానియేలైతే మాత్రం? అన్నం తిని వెళ్ళినవాణ్ణి సుత్తి పెట్టి కొడతావా?"

"కొడతా!" మంగరాజు గొంతు ఒక్కసారి లేచింది. "నా తమ్ముడు చేపల వేలంపాట మానేసి వాడి వెంట తిరుగుతున్నాడు. వాడొచ్చి నా ఇంట్లో కూర్చుని నా పెళ్ళాన్ని వదినా అంటాడు! నువ్వేమో నవ్వుతా మారు వడ్డిస్తావ్! ఎప్పట్నుంచో ఉంది నాకు వాడి మీద. దొరికాడనుకున్నా."

మీరే చెప్పండి, ఏమనాలి ఆ మనిషిని! సత్యశ్రీకి అసహ్యం వేసింది. తనకి వదినా అనే పిలుపు నేర్పింది గంగాప్రసాద్. పులుసు బాగుందని దానియేలు మాట కూడబలుక్కుంటూ చెబితే తను నవ్వింది. అందుకా!

"వాడు నోరు తెరిచి ఒక్క తెలుగు ముక్క అన్నా నాకు తెలిసేదే," అన్నాడు మంగరాజు. "అనలేదు. కట్ చెప్పేదాకా తెలుగు మాట్లాడనని ఒట్టేశాడంట ఆ డైరెక్టరుగాడికి. పోనీ అరిచాడా? నవ్వాడే! నన్ను చూసి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. పిల్లనెత్తుకుపోతా నవ్వుతాడా అని ఒళ్ళు మండిపోయింది. మొదటి దెబ్బ దవడ మీదే కొట్టా. కింద పడ్డాక మిగతావాళ్ళు ఎక్కి తొక్కారు. ఎవరో చేపల తొట్టి నీళ్ళు కుమ్మరిస్తే టోపీ కొట్టుకుపోయి, మొహం మీద నలుపు చెదిరింది. అప్పుడు చూశా."

"చూసి?"

మంగరాజు మొహం తిప్పుకున్నాడు.

"చూసి పారిపోయావ్! రక్తం మడుగులో తమ్ముణ్ణి వదిలేసి పారిపోయావ్! షూటింగ్ చూద్దామని వచ్చిన ఆ పరాయివాడు ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆ రక్తపు మరకలు చూపించే వాణ్ణి దోషిని చేశావ్!"

"మెల్లిగా మాట్లాడవే, నీకు దణ్ణం పెడతా."

"ఎందుకు నవ్వాడో నీకు నిజంగా తెలీదా మావా?"

మంగరాజు తలెత్తి చూశాడు.

"నీకు కూడా ఓ వేషం ఉంది ఆ సినిమాలో. మార్కెట్లో రౌడీ వేషం. గంగ నిన్ను అడిగితే కసిరి కొట్టావ్, గుర్తుందా? నేను వెళ్ళి మీ అన్నగారిని ఒప్పిస్తానని ఆ డైరెక్టరు గంగకి చెప్పాడంట. శనివారం పొద్దంతా వాడికి అదే ధ్యాస. అన్న ఒప్పుకుంటే ఇద్దరం ఒకే సినిమాలో ఉంటాం వదినా అని వంటింట్లో నా చుట్టూ తిరిగాడు." సత్యశ్రీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "సుత్తి పట్టుకుని నువ్వు ఎదురొస్తుంటే ఏమనుకుంటాడు? మా అన్న నటించడానికొచ్చాడనుకున్నాడు. సంతోషం పట్టలేక నవ్వాడు మావా!"

ఆ మాట అతనికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మంగరాజు గోడకి నుదురు ఆనించాడు. ఒకసారి కొట్టుకున్నాడు, మళ్ళీ కొట్టుకున్నాడు. తర్వాత సుత్తి ఎత్తి థర్మకోల్ పెట్టెల్ని బాదడం మొదలుపెట్టాడు. తెల్లటి ముక్కలు సందంతా ఎగిరాయి. సత్యశ్రీ ఆపలేదు, జాలిపడలేదు కూడా. కొట్టుకోనీ అనుకుంది.

ఆయాసం ఆగాక అతనన్న మాట విని మాత్రం ఆమె నివ్వెరపోయింది.

"అమ్మకి తెలిస్తే చచ్చిపోద్ది. చెప్పకే."

"అవతల దానియేలు చస్తాడు!"

"వాడెవడే మనకి? ఎక్కణ్ణుంచో వచ్చాడు. నాలుగు దెబ్బలు తిని వాళ్ళ దేశం పోతాడు. వాడికోసం ఇక్కడ ఏడ్చేవాళ్ళెవరు? నేను జైలుకెళితే మన బతుకులేం గానూ!"

సత్యశ్రీ లేచి నిలబడింది. ఇన్నేళ్ళు ఈ మనిషి పక్కనేనా పడుకున్నానని ఆమెకి అనిపించింది. జవాబు చెప్పబోయేలోగా వీధిలో ఆడమనిషి కేక వినపడింది.

*

"వదలండ్రా వాణ్ణి! మీ చేతులు పడిపోను! నా ఇంట్లో అద్దెకున్న బిడ్డరా, మిమ్మల్నేం చేశాడ్రా!"

సువార్తమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వెంట పరుగెత్తుకొస్తోంది. తిరుమల మనుషులు ఇద్దరు దానియేలుని చెరో రెక్కా పట్టుకుని ఈడ్చుకొస్తున్నారు. ఇంకొకడు వెనక నుంచి తన్నుతున్నాడు. చొక్కా చిరిగి వేలాడుతోంది. ముక్కులోంచి కారిన రక్తం గడ్డం మీదుగా ఛాతీ మీదికి దిగింది. ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకో కాలు రోడ్డు మీద గీసుకుపోతోంది.

తిరుమల ముందు నడుస్తున్నాడు. చేతిలో పడవ తెడ్డు ఉంది. సువార్తమ్మ అతని భుజం పట్టుకోబోతే మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు. ఆవిడ కాలవ పక్కన పడింది. చుట్టుపక్కల తలుపులు తెరుచుకున్నాయి, మనుషులు బయటికొచ్చారు. ఫోన్లు పైకెత్తారు. ఒక్కడైనా అడ్డం వెళితే ఒట్టు!

"ఇదిగో అక్కా, నీ ఆసామి!" అని తిరుమల దానియేలుని గుమ్మం ముందు పడేయించాడు. తెడ్డుతో వీపు మీద ఒక్కటి వేశాడు. తడిబట్ట బండకేసి కొట్టినట్టు చప్పుడైంది. దానియేలు బోర్లా పడి, మోచేతుల మీద లేవబోయాడు. మెడ మీద కాలు పెట్టి తొక్కారు.

"అమ్మా," అన్నాడు దానియేలు నేల మీద నుంచే. "నేను కాదు అమ్మా. నేను ఆటో తెచ్చాను. గంగ నా ఫ్రెండు."

"అమ్మా అంటావా నన్ను!" అంకాలమ్మ జుట్టు పట్టుకోబోయింది. అది పట్టుకి చిక్కలేదు. చెప్పు తీసి మొహం మీద కొట్టింది, రెండో చెంప మీద కొట్టింది. "నా బిడ్డ నోరు విరగ్గొట్టి నన్ను అమ్మా అంటావా? పెట్టిన చేతినే నరుకుతావా?"

వెనకసందు లోంచి వచ్చి సత్యశ్రీ ఇదంతా చూసింది. మంగరాజు ఆమె వెనకే వచ్చాడు. సుత్తి ఇంకా చేతిలోనే ఉంది.

"రా అల్లుడూ," అని తిరుమల పక్కకి జరిగి చోటిచ్చాడు. "తమ్ముడి లెక్క అన్నే తేల్చాలి. మొదటి దెబ్బ నీది. తర్వాత మేం చూసుకుంటాం."

సందులో అందరి కళ్ళూ మంగరాజు మీద ఉన్నాయి. ఒక్కో అడుగే వేసుకుంటూ దానియేలు దగ్గరికి వెళ్ళాడు. దానియేలు తల పక్కకి తిప్పి అతన్ని చూశాడు. మంగరాజు కళ్ళు చిట్లించి, సుత్తి రెండు చేతులా పట్టుకున్నాడు. కొట్టేస్తే సరిపోతుందని అతను అనుకుంటున్నట్టు సత్యశ్రీకి స్పష్టంగా కనపడింది. ఈ ఒక్క దెబ్బ పడితే ఇక ఎవరూ ఏమీ అడగరు.

"అత్తా!" అంది సత్యశ్రీ. "గంగని కొట్టింది నీ పెద్దకొడుకు."

ఎవరికీ అర్థం కాలేదు. తిరుమల నవ్వబోయి ఆగాడు.

"ఏంటే?"

"దానియేలు అనుకుని కొట్టాడు. ఈ సుత్తితోనే. మొదటి దెబ్బ ఈయనదే, తర్వాత మార్కెట్టంతా కొట్టింది. చొక్కాకి గంగ మెడ మీది రంగు అంటితే నేనే ఉతికాను. ఇప్పుడే వెనకాల నా దగ్గర ఒప్పుకున్నాడు."

అంకాలమ్మ కోడలి దగ్గరికి వచ్చింది. చెంప పగిలేటట్టు కొట్టింది. సత్యశ్రీ పెదవి చిట్లి నోట్లోకి ఉప్పగా వచ్చింది.

"నా కొడుకు మీద నిందేస్తావటే! వాడు గంగని భుజాల మీద మోసి పెంచాడే! అయ్య పోతే వీడే అయ్య అయ్యాడే! ఈ నల్లోడికి మారు వడ్డిస్తుంటే ఏంటో అనుకున్నా. వీడి కోసం మొగుణ్ణే జైలుకి పంపుతావా?"

సందంతా గొల్లున నవ్వింది. ఎవరో "ఔరా!" అన్నారు. సిగ్గుతో సత్యశ్రీ చెవులు మండిపోయాయి. అయినా అక్కణ్ణుంచి కదల్లేదు.

"నన్ను నమ్మొద్దులే అత్తా. నీ చిన్నకొడుకుని అడుగు."

అప్పుడందరూ గుమ్మం వైపు చూశారు. గంగాప్రసాద్ మంచం దిగి వచ్చాడు. కట్టు కట్టిన చెయ్యి పొట్టకి ఆనించుకుని, రెండో చేత్తో తలుపు పట్టుకుని నిలబడ్డాడు. వాచిన మొహంలో మిగిలిన ఆ ఒక్క కన్ను ముందు దానియేలుని చూసింది, తర్వాత అన్నని చూసింది.

అంకాలమ్మ గొంతు తగ్గింది.

"నాన్నా, అమ్మ ముందు అబద్ధమాడకు. నిన్ను కొట్టింది మీ అన్నేనా?"

గంగాప్రసాద్ తల అడ్డంగా ఊపాడు. దవడ ఎంత నొప్పెట్టిందో ఏమో, గట్టిగా, మళ్ళీ మళ్ళీ ఊపాడు. కంట్లోంచి నీళ్ళు కారి కట్టు మీద పడ్డాయి.

"గంగా," అన్నాడు దానియేలు. "గంగా, నువ్వు చెప్పు."

"మరి వీడేనా?" అంది అంకాలమ్మ.

కట్ట మీద పోయే బస్సు హారను ఒక్కటే వినపడింది. సత్యశ్రీ మరిది మొహం చూస్తోంది. వద్దు గంగా, వద్దు నాయనా అని మనసులో మొత్తుకుంటోంది.

గంగాప్రసాద్ కన్ను మూసుకుని, తల కిందికి ఊపాడు.

దానియేలు గింజుకోవడం మానేశాడు. పట్టుకున్నవాళ్ళు వదిలేసినా లేచేటట్టు లేడు. చెంప నేలకి ఆనించి, గుమ్మంలో నిలబడ్డ స్నేహితుడి వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇన్ని దెబ్బలకీ రాని ఏడుపు అతనికి అప్పుడొచ్చింది.

"విన్నారుగా!" అని తిరుమల తెడ్డు నేలకేసి కొట్టాడు. "కానియ్ అల్లుడూ! ఆడదాని మాట పట్టుకుని ఆగుతావేంటి?"

మంగరాజు సుత్తి ఎత్తాడు. తమ్ముడు తనని ఒడ్డున పడేశాడు, ఇక దించడమే మిగిలింది. సత్యశ్రీ అతని చేతి మీద పడబోతే తిరుమల మనిషి ఒకడు నడుం పట్టి విసిరేశాడు. మోకాళ్ళు చీరుకుపోయాయి. పడ్డ చోటే కూర్చుని ఆమె జాకెట్లోంచి ఫోను తీసి, వంద నొక్కింది.

"హలో, సార్, ఇక్కడ మనిషిని చంపేస్తున్నారు!" అని గొంతు చించుకుని అరిచింది. "రాణిగారితోట! కట్ట దిగి లోపలికొస్తే వరద గోడ పక్క సందు! ఆదివారం చేపల మార్కెట్లో కొట్టింది కూడా ఈయనే సార్! పేరు మంగరాజు! నా మొగుడు! నేనే చెబుతున్నా, రాసుకోండి!"

సుత్తి దానియేలు మీద నుంచి తిరిగింది. మంగరాజు ఆమె వైపు వస్తున్నాడు. ఆ కళ్ళలో ఇప్పుడు తడబాటు లేదు, భయం లేదు. పెళ్ళాం అన్న గుర్తు కూడా ఉన్నట్టు లేదు. సత్యశ్రీ కూర్చున్న చోటు నుంచే వెనక్కి జరిగింది. వీపుకి గోడ తగిలింది. ఫోను మాత్రం చెవి దగ్గర నుంచి తియ్యలేదు.

ఇద్దరి మధ్యకీ అంకాలమ్మ వచ్చింది.

ఆమె పెద్దకొడుకు మొహం చూసింది. చాలాసేపు చూసింది. సుత్తి వైపు చూసింది. గుమ్మంలో, తలుపు పట్టుకుని కిందికి జారిపోతున్న చిన్నకొడుకు వైపు చూసింది. ఆ బిడ్డ నొప్పికి ఓర్చి ఎందుకు అంత గట్టిగా తల ఊపాడో, ఏ తల్లికి తెలియదు?

"అమ్మా, తప్పుకో," అన్నాడు మంగరాజు.

అంకాలమ్మ తప్పుకోలేదు. కోడలి వైపు తిరగకుండానే చెయ్యి వెనక్కి చాచింది.

"ఆ ఫోనిటియ్యి."

సత్యశ్రీ ఇవ్వలేదు. లాక్కుని కాలవలో పడేస్తుందేమోనని గుప్పిట బిగించింది.

"ఇయ్యవే!"

ఇచ్చేసింది. అంకాలమ్మ ఫోను చెవికి ఆనించుకుంది. అవతల ఎవరో హలో, హలో అంటున్నారు, మీరెవరని అడుగుతున్నారు. ఆమె గొంతు బేరం దగ్గర లేచే గొంతు కాదు, ఎవరూ ఇంతకుముందు వినని గొంతు.

"నేను తల్లినండి," అంది. "కొట్టినోడికీ నేనే, దెబ్బలు తిన్నోడికీ నేనే. కోడలు చెప్పింది నిజం, తొందరగా రండి."

తిరుమల "అక్కా!" అని కేకేశాడు. మంగరాజు ఇంకో అడుగు ముందుకేశాడు.